మనస్ఫూర్తిగా అంగీకరించడమైనది

ఆ ఇల్లు మొత్తం మీద కాలేజీ గడప తొక్కింది అతనొక్కడే. అందుకే అక్కాబావలు నడిపే సబ్బు ద్రవం షెడ్డులో ఏ కాగితం వచ్చినా అతని ముందుకే వచ్చేది. కాంట్రాక్టు చట్టంలో తనకు మంచి మార్కులొచ్చాయని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. అక్క అతన్ని "జడ్జిగారూ" అని పిలిచేది. అందులో వెటకారం పాలెంతో అతను ఎప్పుడూ ఆరా తీయలేదు. బిరుదు బాగుంది కదా అని ఊరుకున్నాడు.

ఆ రోజు తొట్లనిండా సబ్బు సిద్ధంగా ఉంది. మర్నాటికి హోటలుకు చేరకపోతే ఆర్డరు చేజారిపోతుంది. నింపాల్సిన డబ్బాలేమో గేటు బయట లారీలో ఉన్నాయి. డబ్బాలాయన ఇంజను ఆపించకుండానే దిగి, కొత్త ఒప్పందం చేతికిచ్చాడు. ధర ఒకటిన్నర రెట్లు, ఏడాది పాటు.

"పోయిన నెలే కదండీ ధర ఖాయం చేసుకున్నాం?"

"చేసుకున్నాం బాబూ, కాదనను. ఇప్పుడు సంతకం పెడితే దింపుతాం, లేదంటే బండి తిప్పుకుంటాం. నీ ఇష్టం."

'నీ ఇష్టం' అన్న మాటకి అతని రక్తం ఉడికిపోయింది. ఉడికిన రక్తంతోనే గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. చెయ్యి అలవాటు కొద్దీ జేబులోకి వెళ్ళి స్టాంపు తీసింది. ఉత్త సంతకం బోసిగా ఉంటుందని అతను సొంత బుర్రతో రాసి చేయించుకున్న స్టాంపు అది. "మనస్ఫూర్తిగా అంగీకరించడమైనది."

సబ్బు హోటలుకు వెళ్ళిపోయాక అక్క నెమ్మదిగా అంది: "ఈ ధరకి ఏడాది కొన్నామంటే షెడ్డుకి తాళమేరా."

ఆవిడ జడ్జిగారూ అనలేదు. అతనికి అది ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు అతను ఊళ్ళోని వకీలమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ అంతా విని తలూపింది. "గత్యంతరం లేకుండా చేసి ఒప్పించుకుంటే అది ఒప్పుకోలు కాదు. కోర్టు వింటుంది. కానీ పీక వదలగానే కేకెయ్యాలి. వేశావా?"

"స్టాంపు వేశానండి."

"ఏమని?"

చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇంకేం చేశావు?"

"టీ ఇచ్చానండి."

"పాపం, బెదిరించి అలిసిపోయుంటాడు."

"వెళ్ళేటప్పుడు థాంక్స్ కూడా చెప్పానండి."

నవ్వు ఆగాక ఆవిడ అంది: "ఇంకా మించిపోలేదు. ఇవాళే అభ్యంతరం రాసి పంపు. తర్వాతి లోడు నోరు మూసుకుని దింపించుకున్నావా, ఇక నిజంగా ఒప్పుకున్నట్టే. ఈలోగా డబ్బాలు వేరేచోట వెతుక్కో. లేకపోతే మళ్ళీ టీ ఇస్తావు."

ఉత్తరం పంపాడు. వారమంతా బావ స్కూటరు వెనక కూర్చుని ఊరంతా తిరిగి, దొరికిన చోటల్లా డబ్బాలు పోగేశాడు. ఒకదాని మూత ఇంకోదానికి పట్టదు. అయినా డబ్బా డబ్బాయే.

లోడు రానే వచ్చింది. అద్దం ముందు సాధన చేసిన గంభీరోపన్యాసం తీరా గేటు దగ్గరికొచ్చేసరికి "ఏమీ అనుకోకండి" అని మొదలైంది.

"ఆ రోజు నేను ఒప్పుకోలేదండి. పాత ధరకైతేనే దింపండి."

"స్టాంపు నువ్వే కదా బాబూ వేసింది?"

"స్టాంపు నా తెలివండి. సంతకం మాత్రం మీ లారీ పెట్టించింది."

డబ్బాలాయన అతని భుజం మీదుగా లోపలికి చూశాడు. గోడ పొడుగునా రంగురంగుల మూతలు కనిపించాయి.

"ఉన్నపళంగా పాత ధరంటే ఎలా?"

"బలవంతం ఏమీ లేదండీ. నిదానంగా ఆలోచించుకోండి. టీ తాగుతారా?"

అది పొగరనుకున్నాడో ఏమో, డబ్బాలాయన మళ్ళీ ఆ మూతలకేసి చూశాడు. నిజానికి టీ ఇస్తానన్నవాడి చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయి ఉంది. చివరికి డబ్బాలాయన డ్రైవరుకి సైగ చేశాడు. ఇంజను ఆగింది.

పాత ధరే మళ్ళీ కాగితం మీద రాసుకున్నారు. అతను సంతకం పెట్టాడు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. జేబు ఖాళీ.

"దాన్ని ఊగే బల్ల కాలి కింద పెట్టాను," లోపల్నుంచి అక్క కేకేసింది. "ఉత్త సంతకం చాలు, జడ్జిగారూ!"