బీముకు దారి

బాలమల్లు మగ్గానికెక్కించే పడుగు దారం చుట్టిన పొడవాటి బీమును సైకిల్ క్యారియర్ మీద అడ్డంగా కట్టాడు. నిలువుగా కడితే దారం సీటుకు రాసుకుని తెగుతుంది. సిరిసిల్లలో మగ్గం నడిపేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. లారీలకే తెలియదు. పోయిన నెల ఒక లారీ అతని తమ్ముడి బీమును గుంజుకుపోయి రోడ్డు పక్క మురుగు మోరీలో పడేసింది. తమ్ముడి చెయ్యి విరిగింది. అతని మగ్గం ఇంకా ఖాళీగానే ఉంది. అందుకే బాలమల్లు రోడ్డు వదిలి ఫుట్‌పాత్ మీద సైకిల్ తొక్కాడు.

ఆ ఫుట్‌పాత్ బండల మీదనే ఆడవాళ్లు బీడీల చాటలు పట్టుకుని కార్ఖానాకు నడుస్తారు. బీము కొస వాళ్లలో ముందు నడుస్తున్న లస్మవ్వ భుజానికి గుద్దుకుంది. చాట బోర్లాపడింది. బీడీ కట్టలన్నీ దుమ్ములో దొర్లాయి.

“అల్లుడా,” అంది లస్మవ్వ భుజం రుద్దుకుంటూ, “పిల్లనడగక ముందే అత్తను కొడుతున్నవా?”

ఆడవాళ్లు నవ్వారు. బాలమల్లు సైకిల్ దిగి, కట్టలు ఏరుతూ అన్నాడు:

“తప్పైంది అత్తా. కింద రోడ్డు మీద పోతే లారీ సంపుతది. తమ్ముని మగ్గం ఆగింది, నా మగ్గం గూడ ఆగితే ఇంట్ల పొయ్యి ఎలగది. జర పైననే పోనియ్యుండ్రి. బెల్లు కొట్టుకుంట పోత.”

“నువ్వు బెల్లు కొడితే మేమెటు దుంకాలె? మోరీలకా?”

బాలమల్లు చివరి కట్ట ఏరి చాటలో వేశాడు. లారీ తన తమ్ముడికి చేసిందే తాను ఈమెకు చేశాడు. రోడ్డు వేసినవాళ్లు లారీనే చూసి వేశారు. సైకిల్ తొక్కేవాణ్నీ, నడిచే ఆడదాన్నీ రెండు బండల జాగలో కొట్టుకు చావమన్నారు.

“గీ బండలు మాయి, ఇయ్యం,” అంది లస్మవ్వ. “కిందికి దిగు. రోడ్డు మీదనే పోదాం, మేం గూడ వస్తం.”

బాలమల్లు సైకిల్‌ను కిందికి దించాడు. చాట నెత్తిన పెట్టుకుని ఆమె కూడా రోడ్డు మీదికి దిగింది. లారీలు వచ్చే వైపు నిలబడి, దెబ్బ తగిలిన భుజం వైపు చేత్తోనే బీము కొసను పట్టుకుంది. ఆమెతో వచ్చిన అనసూర్య రెండో కొస పట్టుకుంది. మిగతావాళ్లు వెనక నడిచారు. లారీ ఒకటి వచ్చి చెవులు పగిలేలా హారన్ కొట్టింది. ఎవరూ జరగలేదు.

“రోడ్డు మీ అయ్యదా అవ్వా?” అని డ్రైవర్ తల బయటపెట్టి అరిచాడు.

“మా అయ్యది గాదు బిడ్డా. నీ అయ్యది గూడ గాదు. మెల్లగ రా.”

లారీ చీమలా వెనకే పాకింది. బాలమల్లు ఎన్నో సంఘం ఊరేగింపుల్లో జెండా మోశాడు, గొంతు చించుకున్నాడు. లస్మవ్వ ఒక్క నినాదం ఇవ్వలేదు, ఒక్కసారి వెనక్కి చూడలేదు. జెండా ఈమె చేతికి ఇచ్చి తాను వెనక నడిస్తే చాలనిపించింది అతనికి.

బీము మగ్గాల షెడ్డు ముందు క్షేమంగా దిగింది.

“మీ తమ్మునికి చెప్పు,” అంది లస్మవ్వ. “బీము తెచ్చుడుంటే మేం కార్ఖానకు పోయే యాల్లకే తెమ్మను.”

ఆమె కట్టలకు మట్టి అంటుకునే ఉంది. కార్ఖానాలో వాటిని తీసుకోరు. బాలమల్లు ఖాళీ సైకిల్‌ను మళ్లీ రోడ్డెక్కించాడు.

“నువ్వెక్కడికి?”

“కార్ఖానకు. గుద్దింది నేనని చెప్త.”

“నడువు అల్లుడా,” అంది లస్మవ్వ, బండలెక్కుతూ.

అతను సైకిల్ ఎక్కలేదు. బండల కిందనే, లారీల వైపు, ఆమె పక్కన తోసుకుంటూ నడిచాడు.