అది ఏ చెవి?

పైన పటారం, లోన లొటారం. పెద్దకోడలిని చూసినప్పుడల్లా చిన్నకోడలికి ఈ మాటే గుర్తొచ్చేది. ఆవిడ ఇంట్లో తోడికోడలు, పరిశోధనశాలలో పైఅధికారి. చేపపిల్ల చెవిని తన చేత్తో తీసేది ఏడాదికోసారి, ఉపన్యాసాలు మాత్రం రోజూ.

చేప చెవిలో వెంట్రుక కణాలుంటాయి. ఒక్కో కణం నెత్తిన వెంట్రుకల కుచ్చు, కుచ్చుకు ఒక పక్కన పొడుగాటి పిలక. పిలక ఎటుంటే కణం అటు చూస్తున్నట్టు. చెవి ఎదిగేటప్పుడు ఏ కణం ఎటు తిరగాలో ఏది నిర్ణయిస్తుందో తేల్చడమే వాళ్ల పని. ఫలానా జన్యువు తీసేస్తే, తలవైపు చూడాల్సిన కణాలన్నీ తోకవైపు తిరిగిపోయాయని పెద్దకోడలు దండోరా వేసింది. అవే చేపల్లో చిన్నకోడలికి ఒక్క కణమూ తోకవైపు తిరిగినట్టు కనిపించలేదు.

"నీకు చెయ్యి కుదరదే. రేపు నిధులిచ్చేవాళ్లు వచ్చి వెళ్లాక వేరే చోటు చూసుకో," అంది పెద్దావిడ.

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే! ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరు.

ఆ సాయంత్రం ఆవిడే స్వయంగా, ఎలా చెయ్యాలో చూపిస్తానంటూ సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది. చేపపిల్ల తల అవతలికి పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, తన ఎడమచేతివైపున్న చెవి తీసి 'ఎడమ' అని రాసింది. చిన్నకోడలు నోరెళ్లబెట్టింది. వెల్లకిలా ఉన్న చేపకు అది కుడి చెవి. విడిగా తీసిన చెవిలో తలవైపేదో తోకవైపేదో పోల్చుకునేది, అది ఏ పక్క చెవో చూసే. కుడి చెవిని ఎడమనుకుంటే తలా తోకా తారుమారు కాక ఏమవుతాయి?

"అక్కా, అది కుడి..."

"నోర్ముయ్. నాకు నేర్పొచ్చావా?"

సరే, నలుగురిలోనే అడుగుదాం అనుకుంది చిన్నకోడలు.

మర్నాడు గది నిండా జనం. పెద్దకోడలు తీసిన చెవి బొమ్మ తెరమీద పడగానే చిన్నకోడలు లేచింది.

"మేడమ్, అది ఏ చెవి?"

"ఎడమది."

"ఎలా తెలుసు?"

"ఎలా ఏంటి? తల అటు పెట్టి వెల్లకిలా పడుకోబెట్టాను, నా ఎడమచేతివైపున్నది తీశాను!" గొప్పగా చెప్పింది మహాతల్లి.

నిధులిచ్చే పెద్దాయన కళ్లజోడు తీశాడు. "అయితే అది కుడి చెవి కదమ్మా," అని కాగితాలు మూసేశాడు.

పెద్దకోడలి మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. వరండాలో చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది.

"ఇంటిమనిషివి, ఇంతమందిలో నా పరువు తీస్తావే?"

"నిన్న చెప్పబోయాను అక్కా."

"ఇప్పుడు నా గతేంటే?"

చిన్నకోడలు చెయ్యి విడిపించుకుంది. పాపం అనిపిస్తుందేమోనని కాసేపు ఆగి ఆ మొహంలోకే చూసింది. అనిపించలేదు.