పెట్టెలో పేరు

భర్త పోయిన పదో రోజు నాడు రత్నాబాయి ఇంట్లో నీళ్ళు తగలని వస్తువు గోడగడియారం ఒక్కటే. అదీ చెయ్యి అందక మిగిలిపోయింది. చావు జరిగిన ఇంట్లో అంటు పోవాలంటే చీపురుకట్ట మొదలుకొని దేవుడి పటం దాకా అన్నీ కడిగి ఆరెయ్యాలని బొంబాయి కామాటిపురలోని తెలుగు చాళ్ళలో, ఆ ఒంటిగది వాటాల్లో పట్టింపు. పాలమూరు వదిలి మూడు తరాలైంది. పిల్లలు మరాఠీలో పోట్లాడుకుంటారు, పెద్దలు హిందీలో కూరగాయలు బేరమాడతారు. పట్టింపు మాత్రం మూటతోపాటు దిగినట్టే ఉంది, నలగలేదు.

రత్నాబాయి ఏ పనీ సగం చేసే మనిషి కాదు. భర్త శంకర్రావు కంప్యూటరు పక్కన దొంతి పెట్టుకున్న నల్లటి ఫ్లాపీలు ఎనిమిదింటినీ కాగితపు సంచుల్లోంచి తీసింది. చీలికలోంచి గోధుమరంగు చక్రం ఎంతమేర కనబడితే అంతమేర బట్టల సబ్బు రాసి, కొబ్బరిపీచుతో తోమి, వరండా తాడుకు క్లిప్పులు పెట్టి ఆరేసింది. ఎదురు ఖోలీలో ఉండే లచ్చమ్మ వాటిని చూసి, "మా ఇంట్ల గిన్నెలు గూడ గింత మెరవయి వదినా" అని మెచ్చుకుంది. కంప్యూటరును మాత్రం రత్నాబాయి తడిగుడ్డతో తుడిచి వదిలేసింది. కరెంటు వస్తువంటే భయం.

ఆ కంప్యూటరు ఇంటికొచ్చి అప్పటికి ఏడాదిన్నర. ఫోర్టులో ఒక కంపెనీలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసిన శంకర్రావుకు రిటైరైన నాడు దండ, గోడగడియారం ఇచ్చారు. కొత్తవి వచ్చాయని ఆఫీసులో మూలకు నెట్టేసిన పాత కంప్యూటరును ఆయన నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నాడు. టాక్సీలోంచి దాన్ని దించుతుంటే గల్లీ గల్లీ అంతా వచ్చి నిలబడింది. పదడుగుల గదిలో ఇనప ట్రంకు మీద అది కూర్చున్నాక, మనుషులు పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది. రత్నాబాయి దానికి లేసు అంచు కుట్టిన ముసుగు వేసింది. "సవతి వస్తదేమోనని పెండ్లి అయిన కాడికెల్లి అనుమానమే. గింత బరువుంటదనుకోలే" అని లచ్చమ్మతో అంది.

సవతితో శంకర్రావు చేసే కాపురం పేర్లు రాయడం. భాద్రపద అమావాస్యను వాళ్ళు పెత్రమాస అంటారు. ఆ నాడు పోయినవాళ్ళ పేరు మీద ప్రతి ఇల్లూ బియ్యం ఇస్తుంది. అయ్యగారు ఒక్కొక్క పేరూ అడిగి, ఆ పేరుతో పిలిచి నీళ్ళు వదులుతారు. చిక్కంతా అక్కడే. ఈ ఊరి మేడలకు ఇటుకలు మోసినవాళ్ళ పేర్లు వాళ్ళ మనవలకు తెలియవు. "మా తాత... మేస్త్రీ పని చేస్తుండె..." అని నీళ్ళు నమలడమే. అందుకని శంకర్రావు కింది ఖోలీలోని ఎనభై ఏళ్ళ మల్లవ్వ దగ్గర మొదలుపెట్టి, ముసలివాళ్ళందరినీ అడిగి, ఇంటింటి పేర్లూ కంప్యూటరులోకి ఎక్కించాడు. దానికి తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో. నిరుడు ఆ జాబితాను ఫ్లాపీలో పాత ఆఫీసుకు మోసుకుపోయి అచ్చు వేయించుకొచ్చాడు. అయ్యగారు కళ్ళద్దాలు సవరించుకుంటూ చదువుతుంటే, దుర్గయ్య అనే అరవై ఏళ్ళ మనిషి తన నాయనమ్మ పేరు మొదటిసారి విని, అందరి ముందూ ఏడ్చాడు.

ఈ ఏడు ఉగాది పోయిన వారానికి, ఒక సాయంత్రం రత్నాబాయి పొయ్యి దగ్గర బొంబిళ్ళు వేయిస్తోంది. వెనక నుంచి శంకర్రావు, "రత్నా, పిల్లకు పేరు పెట్టిన" అన్నాడు.

ఏ పిల్ల అని ఆమె అడగలేదు. వాళ్ళకు పుట్టింది ఒక్కతే. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట పుట్టి, పందొమ్మిది రోజులు ఉండి పోయింది. ఇరవై ఒకటో నాడు తొట్టెల్లో వేసి పేరు పెట్టాలనుకున్నారు. రెండు రోజులు తక్కువైంది. పేరు లేని బిడ్డకు బియ్యం ఎట్లా ఇస్తారు, అయ్యగారు ఏమని పిలుస్తారు అని అప్పటి పెద్దలు తేల్చేశారు. అప్పటినుంచి ప్రతి పెత్రమాసకూ ఆ ఇంట్లో ఒక విస్తరి తక్కువే.

"ఏం పేరు?" అంది, గరిట ఆపి.

"పెట్టెల ఏసిన. అమావాస్య నాడు అయ్యగారి నోట విను."

"నాకు చెప్తే నీ నోరు నొస్తదా?"

"ఇరవై ఎనిమిదేండ్లు ఆగినవ్. అయిదు నెలలు ఆగలేవా?"

చేపలు మాడుతున్నాయి. ఆమె ఇటు తిరిగింది. ఆషాఢంలో ఒక పొద్దున శంకర్రావు నల్లా దగ్గర బిందె దించి, ఛాతీ పట్టుకుని, బిందె మీద మూత పెట్టి మరీ కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

అమావాస్య ఇంకా నెల ఉందనగా రత్నాబాయి తన తమ్ముడి కొడుకు తుకారాంను పిలిపించింది. ఇరవై ఆరేళ్ళ తుకారాం లామింగ్టన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా జేబులో స్క్రూడ్రైవరు తడుముకునే రకం.

"నాకు లిస్టు గిస్టు వద్దు. ఒక్క పేరు తీసియ్యి" అంది.

తుకారాం మీట నొక్కాడు. తెర మీద పచ్చటి అక్షరాలు నాలుగు పడి, ఒక అంకె వచ్చి, ఆగిపోయింది. మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అంతే.

"హార్డ్ డిస్కు లేస్తలేదు అత్తా. రాసినవన్ని దాంట్లనే ఉంటయి. ఫికర్ నక్కో, మామ ఫ్లాపీలల్ల కాపీ పెట్టే ఉంటడు. తే."

రత్నాబాయి ఎనిమిదీ తెచ్చి ఇచ్చింది. తుకారాం ఒకటి తీసి వెలుతురుకు పట్టాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అత్తా, ఇవి సబ్బు వాసనొస్తున్నయేంది?"

"కడిగిన. పదో రోజు నాడు."

అతను ఒక్కొక్కటీ పెట్టి చూశాడు. యంత్రం ప్రతిసారీ గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు గరగరమని ఊరుకుంది. ఇంట్లోంచి అంటూ పోయింది, అక్షరాలూ పోయాయి. మేనల్లుడు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది రత్నాబాయికి. తిట్టలేదు.

"గిట్ల చేద్దాం" అన్నాడు. "పెట్టె పాతది. లోపలి సామానంత తీసేసి కొత్తది ఏస్త. బోర్డు, మెమరీ, పెద్ద డిస్కు. అప్పుడు పాత డిస్కును పక్కన జోడిచ్చి, దాంట్ల ఉన్నది దీంట్లకు గుంజుత."

"పేరు వస్తదా?"

"పక్కా వస్తది."

తర్వాతి ఆదివారం తుకారాం నేల మీద పేపరు పరిచి పెట్టె విప్పాడు. మరలు వేసుకోవడానికి చిన్న గిన్నె ఏదైనా ఇమ్మన్నాడు. రత్నాబాయి కుంకుమ భరిణె ఇచ్చింది. అతను అందుకోబోయి ఆగాడు.

"ఖాళీగనే ఉన్నది, తీస్కో" అందామె.

పాత సామాను ఒక్కొక్కటే బయటికి వచ్చింది. రేకులు, తీగలు, పచ్చటి బోర్డులు, వాటి సందుల్లో ఏడాదిన్నర దుమ్ము, ఒక వెండ్రుక. తెల్లది. రత్నాబాయి దాన్ని తీసి చెంగు కొసన ముడి వేసుకుంది. కొత్త సామాను తెచ్చినప్పుడు పాతది మారకం కింద దుకాణానికి ఇచ్చెయ్యాలి, అది వాళ్ళ రివాజు. తుకారాం అన్నీ సంచిలో వేశాడు. ఇటుకంత బరువున్న డిస్కును మాత్రం ఆమె పాత తువాలులో చుట్టి తన దగ్గరే పెట్టుకుంది.

మళ్ళీ ఆదివారానికి కొత్త యంత్రం తయారైంది. మీట నొక్కీ నొక్కకముందే తెర నిండా అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. తుకారాం మొహం వెలిగిపోయింది.

"అప్పుడే లేచిందా?" అంది రత్నాబాయి. "మామ అయితే రోజూ రెండు దెబ్బలు ఏస్తుండె."

"ఏం దెబ్బలు?"

"ఎడమ దిక్కు, గణుపులతోని. ఠక్, ఠక్. పాత రేడియోను కొట్టినట్టు కొడ్తవేందని నేను తిడ్తుంటి."

తుకారాం మెల్లగా కింద కూర్చున్నాడు. "అత్తా, గీ ముచ్చట మొదలే ఎందుకు చెప్పలే?"

"దాని రోగం నువ్వు చూస్తవనుకున్న. ఆయన కోపం గూడ చెప్పాల్నా?"

అది కోపం కాదు. లోపలి చక్రం వయసు మీదపడి పట్టేసేది. దెబ్బ తగిలితే విడిపోయేది. తుకారాం తువాలు విప్పి, పాత డిస్కును కొత్త యంత్రానికి తగిలించి, ఎడమ పక్కన గణుపులతో రెండుసార్లు కొట్టాడు. అది ఒకసారి మూలిగి, గుర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది. ఏడాదిన్నర పాటు రోజూ సాయంత్రం ఉల్లిగడ్డలు కోస్తూ విన్న చప్పుడు. రత్నాబాయి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో ఆయన ఉన్నట్టే ఉంది.

కానీ తెర మీద ఏమీ రాలేదు. తుకారాం ఏవేవో నొక్కాడు. అరగంట తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"డిస్కు బతికే ఉన్నదత్తా. పేరు అండ్లనే ఉన్నది. కానీ దాని మీద రాసిన కార్డు వేరే ఉండె, పొడుగుది. గా కార్డుకే అది అర్థమైతది. ఇది తాళం, అది చెవి." తువాలు దగ్గరికి లాక్కున్నాడు. "చెవి నేనే ఇచ్చేసిన."

మర్నాడు ఇద్దరూ బయల్దేరారు. దుకాణంవాళ్ళు పాత సామానంతా గంపకెత్తి నాగ్‌పాడా తుక్కువాడికి అమ్మేశారు. తుక్కువాడు, బోర్డులన్నీ శనివారమే ధారావికి పోయాయన్నాడు, వాటి అంచులకు బంగారు పూత ఉంటుందట. "అంత దూరం నువ్వెందుకత్తా, నేను పోత" అన్నాడు తుకారాం. ఆమె గొడుగు చంకన పెట్టుకుని బస్సు ఎక్కేసింది.

ధారావిలో ఒక రేకుల షెడ్డు. డ్రమ్ముల్లో నిప్పు, కళ్ళు మండించే పొగ. అక్కడి మనిషి రత్నాబాయికి స్టూలు వేసి, ఏ కార్డు కావాలో చెప్పమన్నాడు. "పొడుగ్గుంటది. ఒక దిక్కు దువ్వెనకున్నట్టు పచ్చగ మెరిసే పండ్లుంటయి" అని వచ్చిన హిందీలో చెప్పింది. అతను జాలిగా మూలన ఉన్న కుప్ప చూపించాడు. అన్నిటికీ అవే పండ్లు ఉండేవి. ఇప్పుడు దేనికీ లేవు. తుకారాం మధ్యాహ్నం దాకా మోచేతులు నల్లబడేలా వెతికాడు. దొరికింది కూడా. పెట్టె విప్పిన నాడు తను పెట్టిన మార్కరు గుర్తు సగం మిగిలి ఉంది. మిగతా సగం బుడగలు కట్టి బొగ్గయింది.

తిరుగు బస్సులో అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఊకోరా" అంది రత్నాబాయి. "నేను సబ్బు పెట్టి కడిగిన, నువ్వు మూట గట్టి ఇచ్చినవ్. ఇద్దరం కలిసి మంచిగ శుభ్రం చేసినం."

ఆ తర్వాత రెండు వారాలు తుకారాం దుకాణంలో ఉన్న ప్రతి కార్డూ తెచ్చి పెట్టి చూశాడు. ఒక్కటీ ఆ డిస్కు భాష చదవలేదు.

నిరుటి అచ్చు కాగితం మల్లవ్వ దగ్గర భద్రంగా ఉంది. తుకారాం అందులోని పేర్లన్నీ మళ్ళీ ఎక్కించాడు. కొత్త యంత్రం వాటిని ఇళ్ళ వరుసన రెప్పపాటులో సర్దేస్తే చాల్ అంతా నోళ్ళు తెరిచి చూసింది. కొత్తగా చేరిన పేరు ఒక్కటే: శంకర్రావు.

పెత్రమాస పొద్దున అయ్యగారు నల్లా పక్కన పీట వేసుకున్నారు. ఇళ్ళ వరుసన విస్తళ్ళు పరిచారు. బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడికాయ ముక్క, తోటకూర కట్ట. జాబితా చదువుతుంటే ఒక్క పేరూ తప్పిపోలేదని జనం తుకారాం వీపు తట్టారు. అతను తల ఎత్తలేదు.

రత్నాబాయి రెండు విస్తళ్ళు వేసింది. మొదటిది శంకర్రావుకు. ఆయన పేరు పిలిచి నీళ్ళు వదిలాక, అయ్యగారు రెండో విస్తరి వైపు చూశారు. దాంట్లో పిడికెడే బియ్యం.

"ఇది ఎవరికమ్మా? పేరు?"

"మా పిల్లకు."

కాగితం మీద ఆ పేరు లేదు. అయ్యగారు ఆగారు. వెనక నుంచి మల్లవ్వ వంగి, "ఏదో ఒక పేరు చెప్పరాదు బిడ్డా. లక్ష్మి అను. ఎవ్వలొద్దంటరు?" అంది.

"వాళ్ళ నాయిన పెట్టిండవ్వా" అంది రత్నాబాయి. "నేను ఇంకోటి పెడితే రెండు పేర్లయితయి. పిల్ల దేనికి పలుకుతది?"

తువాలు విప్పి, పాత డిస్కును బియ్యం మీద పెట్టింది.

"పేరు ఇండ్ల ఉన్నది అయ్యగారూ. తీసుడు మాకు రాలే."

అయ్యగారు ఆ ఇనప ముద్దను చూశారు. తుకారాంను చూశారు. ముప్పై ఏళ్ళుగా ఈ చాళ్ళలో బియ్యం పడుతున్న మనిషి. తాత ఫొటో లేదని తాపీ తెచ్చి పెట్టినవాళ్ళను చూశారు.

"తండ్రి చేతుల రాసిందేనా?"

"ఆయన చేతులదే."

"అట్లయితే ఉన్నట్టే" అని, డిస్కు మీద ఒక చుక్క పసుపు, ఒక చుక్క కుంకుమ పెట్టి, "తండ్రి పెట్టిన పేరు గల బిడ్డా" అని పిలిచి నీళ్ళు వదిలారు.

రత్నాబాయి చెయ్యి చాచి, డిస్కు ఎడమ పక్కన గణుపులతో రెండుసార్లు కొట్టింది. ఠక్, ఠక్. తీగ లేదు, కరెంటు లేదు. ఏం వినాలనుకుందో గాని, తల కొంచెం పక్కకు వంచి, పక్క ఇంటివాళ్ళు తమ విస్తరి జరుపుకునేదాకా అట్లాగే కూర్చుంది.

పైకి వచ్చాక తాంబాళం కడిగింది, చెంబు కడిగింది, పీట కడిగింది. తడిగుడ్డ పిండి డిస్కు చేతిలోకి తీసుకుంది. దాని మీద పసుపు, కుంకుమ ఇంకా ఆరలేదు. కాసేపు చూసి, గుడ్డను కిటికీ చువ్వకు ఆరేసింది. డిస్కును అట్లాగే తువాలులో చుట్టి, ట్రంకులో, తన పెళ్ళిచీర మడతల్లో పెట్టింది.