అంతా కనబడే వ్యూఫైండర్

భరద్వాజగారికీ సామ్యేలు మాస్టారికీ స్నేహం ఎలక్షన్ డ్యూటీలో కుదిరింది. నిజాంపట్నం దగ్గర ఒక పోలింగు బూత్‌లో ఇద్దరికీ కలిపి ఒకటే దోమతెర ఇచ్చారు. ఎవరి కాళ్ళు తెర బయట ఉండాలన్న విషయమ్మీద మొదలైన వాదన, ఇద్దరూ రిటైరయ్యేదాకా రకరకాల విషయాల మీద నడుస్తూనే ఉంది.

భరద్వాజ బాపట్లలో తెలుగు లెక్చరరుగా చేశాడు. సామ్యేలు రేపల్లెలో డ్రిల్లు మాస్టారు. రిటైరయ్యాక ఇద్దరికీ ఫొటోల పిచ్చి పట్టింది. కలిసి ఒక చిన్న డిజిటల్ కెమెరా కొన్నారు. విడాకులు తీసుకున్నవాళ్ళ పిల్లాడిలా అది ఒక నెల బాపట్లలోనూ, ఒక నెల రేపల్లెలోనూ ఉండేది.

కెమెరా మంచిదే. చొక్కా జేబులో పడుతుంది. కానీ కంటికి ఆనించుకుని చూసే కిటికీ, అదే వ్యూఫైండర్, లేదు. వెనకున్న స్క్రీన్ చూసి తీయాలి. ఇంట్లో అయితే పరవాలేదు. ఎండలోకి వెళ్తే ఆ స్క్రీన్ కాస్తా దోసెల పెనంలా నల్లగా అయిపోయేది. దానికితోడు భరద్వాజకి చత్వారం. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, కెమెరాని రెండు చేతులా దూరంగా పట్టుకుని, తడిపేసిన పసిపిల్లని మోస్తున్నవాడిలా తిరిగేవాడు.

కార్తీక పౌర్ణమికి సూర్యలంక వెళ్ళారు. భరద్వాజ భార్య శ్యామలాంబ పట్టుచీర తడవకుండా ఎత్తి పట్టుకుని నీళ్ళలో నిలబడింది. ఆయన టకటకా నొక్కాడు. ఇంటికొచ్చి చూస్తే ఇసక వచ్చింది, ఎవరిదో వీపు వచ్చింది, వేరుశనక్కాయలవాడి బుట్ట వచ్చింది.

"పెళ్ళయిన ఇన్నేళ్ళకి బుద్ధిపుట్టి నా ఫొటో తీశారు. అందులో నేను తప్ప బంగాళాఖాతం మొత్తం ఉంది" అంది శ్యామలాంబ.

ఈ సంగతి ఫోన్లో విని సామ్యేలు కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత ఆయన కూడా రేపల్లెలో ఎండలో తీసి చూసుకుని నవ్వడం మానేశాడు. అప్పుడు ఆయన కూతురు షారోన్ ఇంటర్నెట్‌లో వెతికి ఉపాయం చెప్పింది.

"కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించుకునే గాడి ఉంది కదా నాన్నా, అందులో విడిగా ఒక వ్యూఫైండర్ దూర్చుకోవచ్చు. ఒట్టి అద్దాలే, కరెంటూ లేదు ఏమీ లేదు. పాత ఫిల్మ్ కెమెరాలవైనా పనికొస్తాయి. కాకపోతే మన లెన్సు ఎంత మేర చూస్తుందో అదీ అంతే చూపించాలి. మనది ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లది. ఇరవై ఎనిమిదే కొనండి."

"ఇరవై ఎనిమిది" అని సామ్యేలు రెండుసార్లు పైకి చదువుకున్నాడు.

అలా ఇద్దరూ తెనాలిలో కలుసుకున్నారు. బాపట్ల బండీ, రేపల్లె బండీ రెండూ వచ్చేది అక్కడికే కాబట్టి వాళ్ళ సమావేశాలన్నీ తెనాలి స్టేషన్లోనే మొదలయ్యేవి. అక్కడ శివపార్వతి అని ఒకావిడ స్టూడియో నడుపుతోంది. భర్త పోయాక ఆవిడే చూసుకుంటోంది. పాస్‌పోర్టు ఫొటోకి ఎవరొచ్చినా "గడ్డం ఎత్తు, దొంగచూపులు చూడకు" అని కసిరి తీస్తుంది. ఆ కసురుకి ఊళ్ళో సగంమంది పాస్‌పోర్టుల్లో దొంగల్లాగే పడ్డారు.

"వ్యూఫైండరా? ఫిల్మ్ పోయిందని అందరూ నా నెత్తిన పారేసి వెళ్ళారు, కావలసినన్ని ఉన్నాయి బాబాయిగారూ" అంటూ బిస్కట్ డబ్బా ఒకటి బల్ల మీద బోర్లించింది. "కెమెరా ఇటివ్వండి. తగిలించి, ఒక ఫొటో తీసి, పోల్చి చూసి తీసుకోండి."

సామ్యేలు కెమెరా తీశాడు. అది పలకలేదు. రేపల్లె నుంచి వచ్చే దారిలో శ్యామలాంబ లేని సూర్యలంక ఫొటోలు రైలుపెట్టె అంతటికీ చూపించి బ్యాటరీ అవగొట్టాడు.

"పోనీలేవోయ్, కంటితో చూస్తే తెలీదా" అన్నాడు భరద్వాజ.

స్టూడియోకి ఎదురుగా విగ్రహాలు చేసే షెడ్డు ఉంది. నాయకులు వరసగా నిలబడి అందరూ ఒకే చెయ్యి ఒకే ఎత్తున ఎత్తి ఆశీర్వదిస్తున్నారు. మొండేలు ముందే చేసి పెట్టుకుంటారు. ఏ ఊరివాళ్ళు ఎవర్ని అడిగితే వాళ్ళ తల పెడతారు. ఇంకా ఆర్డరు రాని ఇద్దరు తలల్లేకుండానే ఆశీర్వదిస్తున్నారు. వీటిని చూస్తూ వ్యూఫైండర్లు పరీక్షించడం మొదలుపెట్టారు.

మొదటి దాంట్లోంచి ఒక నాయకుడి పొట్ట మాత్రమే కనిపించింది. దాన్ని పక్కన పెట్టారు.

రెండోది నల్ల ప్లాస్టిక్‌ది. అగ్గిపెట్టెకి కన్ను పొడిచినట్టుంది. లోపల సన్నటి తెల్లగీతలు గీసి ఉన్నాయి. "ఇదే మీ ఇరవై ఎనిమిది" అంది శివపార్వతి.

భరద్వాజ పెట్టుకు చూశాడు. కళ్ళజోడు అడ్డం వచ్చి కన్ను దగ్గరకి పోలేదు. "గీతలేవమ్మా? నాకు మధ్యలో ముగ్గురు నాయకులే కనిపిస్తున్నారు."

"జోడు తీసి చూడు గురూ" అన్నాడు సామ్యేలు.

తీశాడు. "ఇప్పుడు నాయకులే లేరు."

సామ్యేలుది ఇంకో తంటా. ఆయనకి ఎడంకన్నే చురుకు. కుర్రతనంలో కుడికంటికి హాకీ కర్ర తగిలింది. ఎడంకంటితో ఆ అగ్గిపెట్టెలోకి చూడబోతే ముక్కు దేనికో ఒకదానికి తగులుతోంది.

"నీ ముక్కుకి విడిగా వేరే కెమెరా కొనాలోయ్."

"నీ కళ్ళద్దాలు పగలగొట్టి వాటితోనే వ్యూఫైండర్ చేయించుకుంటే పోదా?"

"తగువులాడుకోడానికి వేరే స్టూడియోలు లేవా తెనాల్లో?" అంది శివపార్వతి.

అప్పుడు భరద్వాజ కంట పడింది మూడోది. వెండిలా మెరుస్తోంది. ముందు అద్దం నిమ్మకాయంత ఉంది. వెనకవైపు కూడా కన్ను పెట్టే చోటు విశాలంగా ఉంది. దాన్ని కళ్ళజోడు మీదే ఆనించి ఆయన "ఓహో" అన్నాడు. షెడ్డు మొత్తం కనిపించింది. తలలున్నవాళ్ళూ, లేనివాళ్ళూ, పక్కనున్న టైర్ల కొట్టూ, ఆ పక్కన పునుగులు వేస్తున్న ఆవిడా, అంతా చిన్నగా, నిగనిగలాడుతూ. సామ్యేలు ఎడంకంటితో చూశాడు. ముక్కు ఎక్కడా తగల్లేదు. "ఇది వ్యూఫైండర్ గురూ" అన్నాడు.

దోమతెర తర్వాత ఇద్దరూ ఒకేమాట అనడం అదే మొదలు.

"బాబాయిగారూ, అది ఇరవై ఒకటి. ఎక్కువ వెడల్పు లెన్సుది. అందులో కనపడినంతా మీ కెమెరాలో పడదు" అంది శివపార్వతి.

"ఇరవై ఎనిమిదికన్నా ఇరవై ఒకటి తక్కువే కదమ్మా. ఇముడుతుంది."

"ఈ లెక్కలో తక్కువంటే ఎక్కువండీ."

"ఎక్కువ కనబడితే నష్టమేంటమ్మా?" అన్నాడు భరద్వాజ. తెలుగు లెక్చరరుగా చేసినవాడికి 'తక్కువంటే ఎక్కువ' అన్న వాక్యం అస్సలు రుచించలేదు. శివపార్వతి దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చింది.

మర్నాడు ఆదివారం. రేపల్లెకి కాస్త ఎడంగా ఉన్న సామ్యేలు వాళ్ళ లూథరన్ చర్చికి వజ్రోత్సవం. ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి గ్రూప్ ఫొటో దిగాలనీ, అది పెద్దది చేయించి చర్చి గోడకి తగిలించాలనీ అనుకున్నారు. సామ్యేలు కూడా ఫొటోలో ఉండాలి కాబట్టి తీసే పని భరద్వాజకి వచ్చింది.

ఆ చర్చిలో రెండు వర్గాలు ఉన్నాయి. ఒకదానికి జకరయ్య పెద్ద. ట్రాక్టర్లున్న రైతు. రెండోదానికి ప్రతాప్ పెద్ద. ఇన్సూరెన్సు ఏజెంటు. చర్చికి ఏ రంగు వెయ్యాలన్న దగ్గర చెడింది. చివరికి ముందు సగం జకరయ్య చెప్పిన గోధుమరంగూ, వెనక సగం ప్రతాప్ చెప్పిన నీలం రంగూ వేశారు. అప్పట్నించీ ఇద్దరికీ మాటల్లేవు. ఏదైనా అనుకోవాల్సి వస్తే పాస్టరుగారితో అనేవారు, పక్కనే రెండోవాడు వింటూండగా.

పాస్టరుగారు తన కుర్చీకి చెరోపక్కా ఇద్దరికీ కుర్చీలు వేయించారు. "అతను కూర్చుంటే నేను కూర్చోను" అన్నాడు జకరయ్య. "అయ్యగారూ, నేనూ అంతేనని చెప్పండి" అన్నాడు ప్రతాప్. ఎండ మాడిపోతోంది. పిల్లలు బిర్యానీ వైపు చూస్తున్నారు. చివరికి జకరయ్య తన భార్యతో ఒక కొసన నిలబడ్డాడు, ప్రతాప్ తన భార్యతో రెండో కొసన. ఖాళీ కుర్చీల్లో బైబిలు చెప్పే రాజమ్మగారూ, వంటావిడ బసవమ్మా కూర్చున్నారు. సామ్యేలు ముందు వరసలో నేలమీద కూర్చున్నాడు.

భరద్వాజ వ్యూఫైండర్ని కంటికి ఆనించాడు. అద్భుతం. ఈ కొస నుంచి ఆ కొస దాకా సంఘమంతా ఉంది. ఇంకా ఇటు కొబ్బరిచెట్టూ, అటు కంచె పక్కన గేదె కూడా ఉన్నాయి. గేదె ఎందుకులే అనుకుని నాలుగడుగులు ముందుకొచ్చాడు. ఇప్పుడు సంఘం ఒక్కటే సరిగ్గా సరిపోయింది. నొక్కాడు. ఎండలో స్క్రీన్ ఎలాగూ కనబడదు. తర్వాత బిర్యానీ వచ్చింది. కెమెరా సంగతి ఎవరికీ గుర్తులేదు.

మర్నాడు సామ్యేలు కెమెరాలోంచి కార్డు తీసి శివపార్వతి చేతిలో పెట్టి, పెద్దది చేసి ఫ్రేము కట్టమన్నాడు. వారానికి కాగితం చుట్టిన ఫ్రేము వచ్చింది. అది అలాగే చర్చికి వెళ్ళింది. ఆదివారం పాస్టరుగారు ప్రార్థన చేసి కాగితం విప్పారు.

ముందు అందరూ ఎవరిని వాళ్ళు వెతుక్కున్నారు. తర్వాత జకరయ్యని వెతికారు. తర్వాత ప్రతాప్‌ని వెతికారు. ఇద్దరూ లేరు. ఇద్దరి భార్యలూ లేరు.

"ఎంత చల్లగా ఉందయ్యా ఫొటో" అంది రాజమ్మగారు, మనసులో అనుకోబోయి పైకి.

ఎవరో కిసుక్కుమన్నారు. జకరయ్య మొహం ఎర్రగా అయింది. "అయ్యగారూ, ఇది ఆయన చేయించిన పని!" అన్నాడు ప్రతాప్ వైపు చెయ్యి చూపిస్తూ.

"నేను చేయిస్తే నేనైనా ఉండాలిగా అందులో!" అన్నాడు ప్రతాప్, పాస్టరుగారి వైపు చూడడం మర్చిపోయి.

జకరయ్య ఫ్రేము దగ్గరకెళ్ళి మళ్ళీ చూశాడు. "నువ్వు కూడా లేవా?" అన్నాడు. గోధుమరంగు తర్వాత ప్రతాప్‌తో ఆయన నేరుగా అన్న మొదటి మాట అది.

ఇద్దరూ కలిసి సామ్యేలు మీద పడ్డారు. సామ్యేలు గబగబా శివపార్వతికి ఫోన్ చేశాడు. "అవునండీ, ఒక అంచున ఎవరిదో మోచెయ్యి వేలాడుతోంది. బాగాలేదని నేనే కత్తిరించేశాను" అంది ఆవిడ. ఆ మోచెయ్యి జకరయ్యది. ఇది విన్నాక ఆయన్ని పట్టడం కష్టమైంది.

"తీసింది నేను కాదు బాబూ, బాపట్ల పంతులుగారు" అని సామ్యేలు స్నేహితుణ్ణి అప్పగించేశాడు.

ఆ మధ్యాహ్నమే సామ్యేలుతో కలిపి ముగ్గురూ రేపల్లెలో బండెక్కి, తెనాల్లో మారి, బాపట్లలో దిగారు. భరద్వాజ వరండాలో ఈనాడు మొహాన కప్పుకుని కునుకు తీస్తున్నాడు. జకరయ్య కాగితం లాగేశాడు.

"మేం కనబళ్ళేదా మీకు? అంత లావున్నానే, నేను కనబళ్ళేదా?"

"కనబడ్డారండీ! మీరూ కనబడ్డారు, ఆయనా కనబడ్డారు, గేదె కూడా కనబడింది. కావాలంటే చూడండి" అని భరద్వాజ లోపలికి పరుగెత్తి వ్యూఫైండర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

జకరయ్య దాన్ని కంటికి పెట్టుకుని ప్రతాప్ వైపు తిరిగాడు. అరుగు అంచున నిలబడ్డ ప్రతాప్ అందులో ఎక్కడో పొన్నూరు రోడ్డు మీద ఉన్నట్టు చిన్నగా కనిపించాడు. జకరయ్య చాలాసేపు చూశాడు. కోపం కాస్త దిగింది.

"ఇది బానే ఉంది. ఇతను ఇంత దూరంలో ఉంటే నాకే పేచీ లేదు."

"ఏదీ, ఇటివ్వండి" అని ప్రతాప్ లాక్కుని చూశాడు. ఆయనకీ నచ్చింది.

ఈలోగా శ్యామలాంబ కాఫీలు తెచ్చింది. ఫొటోలో లేకపోవడం అంటే ఏంటో ఆవిడకి అనుభవమే కాబట్టి, వచ్చినవాళ్ళ మీద జాలిపడింది. "మళ్ళీ తీయించుకుని పెద్దఫొటో కింద పెట్టుకోండి అన్నయ్యగారూ. ఇంతదూరం వచ్చారుగా" అంది.

"చెరో ఫొటో" అన్నాడు ప్రతాప్.

"దాని కింద ఒక్క ఫ్రేముకే చోటుంది. అటు కిటికీ, ఇటు మీటరు పెట్టె" అన్నాడు సామ్యేలు.

సామ్యేలు చొక్కా జేబులోంచి కెమెరా తీశాడు. ఇద్దర్నీ గోడకి ఆనించి నిలబెట్టారు. మధ్యలో మనిషి పట్టేంత సందు వదిలారు. భరద్వాజ కెమెరాకి వ్యూఫైండర్ తగిలించి చూశాడు. ఇద్దరూ బాగానే కనిపిస్తున్నారు. కానీ ఈసారి ఆయన కంటిని ఆయనే నమ్మలేదు.

"దగ్గరికి జరగండి."

చెరో అంగుళం జరిగారు.

"ఇంకా దగ్గరికి. లేకపోతే మళ్ళీ మోచేతులు పోతాయి. శివపార్వతి అసలే కత్తెర పట్టుకు కూర్చుంది."

"భుజాలు తగుల్తున్నాయండీ!"

"తగలాలి. ఇంకా." చెమట పట్టిన రెండు తెల్లచొక్కాలూ ఒకదానికొకటి అంటుకున్నాయి. ప్రతాప్ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జకరయ్య వీపు వెనక్కి పోనిచ్చాడు. భరద్వాజ నొక్కాడు. అనుమానం తీరక ఇంకోటి నొక్కాడు. వరండా నీడలో స్క్రీన్ స్పష్టంగా కనిపించింది. ఇద్దరూ పూర్తిగా పడ్డారు. నిప్పులమీద నిలబెట్టినట్టు బిగుసుకుపోయి, అన్నదమ్ముల్లా ఉన్నారు.

"బావున్నారు" అంది శ్యామలాంబ. పెళ్ళిలో కూడా తనని ఎవరూ అంత బాగా తీయలేదని జకరయ్య ఒప్పుకున్నాడు. తిరుగుబండిలో ఇద్దరూ సామ్యేలుకి చెరోవైపు కూర్చుని, ఆయన మీదుగా, చర్చి ప్రహరీకి ఏ రంగు వెయ్యాలో పోట్లాడుకుంటూ వెళ్ళారు.

తర్వాతి ఆదివారం సాయంత్రం బాపట్లలో ఫోన్ మోగింది.

"గురూ, ఫొటో తగిలించాం. జనం బావుందంటున్నారు" అన్నాడు సామ్యేలు. "కానీ ఇద్దరికీ మాటలు వచ్చేశాయి. ఇదివరకు పాస్టరుగారి ద్వారా అనుకునేటప్పుడు మీటింగు చప్పున అయిపోయేది. ఇప్పుడు నేరుగా మొదలుపెట్టారు. పొద్దున అన్నాలవేళ దాటిపోయినా ఆపలేదు. వాళ్ళని విడదీసి చెరో ఫొటోలోకి మార్చడం కుదురుతుందేమో అడగమన్నారు అయ్యగారు."

"కుదరదని చెప్పు. రేపు తెనాలి రా, శివపార్వతి దగ్గరకి వెళ్దాం. ఆ అగ్గిపెట్టె ఇంకా ఉందో లేదో."

"నా ముక్కు సంగతి?"

"ముక్కు సంగతి బండి దిగాక మాట్లాడుకుందాం. ఈసారి బ్యాటరీ ఛార్జి పెట్టుకురా" అని భరద్వాజ ఫోన్ పెట్టేశాడు.