బిగించినవారి సంతకం

"నా కొడుకు అతుకు వేశాడంటే చీమ కాదు కదా, పొగ కూడా దూరదు" అని ప్రతి ఆదివారం భోజనాల దగ్గర అత్తగారు బంధువులందరికీ వినపడేలా అంటుంటే, పెనం మీద తొర్తీయా రొట్టెలు తిప్పుతూ యులాలియా ఏనాడూ నోరు మెదపలేదు. ఆ అతుకులన్నీ ఆమెవే. ఫ్రెస్నోలో సైలెన్సర్ల షాపు పెట్టిన మూడో ఏట ఆమె భర్త రొహేలియోకి నడుం పట్టేసింది. కారు కింద మెడ ఎత్తి అరగంట నిలబడలేకపోయాడు. అప్పటి నుంచి పదహారేళ్లుగా వెల్డింగ్ పని ఆమెది, కాగితాల మీద సంతకం అతనిది. ఎవరైనా అడిగితే "మా ఆవిడా? ఊరికే సాయానికొస్తుంది" అనేవాడు. ఆ సాయం ముగించి ఇంటికెళ్లి బీన్స్ ఉడకబెట్టి, అత్తగారికి స్నానం చేయించి, చేతుల మీద నిప్పురవ్వలు పడ్డచోట మందు రాసుకునేటప్పుడు ఆమెకు ఒళ్లు మండిపోయేది. ఒక్క కాగితం మీదైనా తన పేరుంటే బావుండుననిపించేది. అది నోరు తెరిచి అడగాలంటే మాత్రం ఎందుకో సిగ్గేసేది.

ఆ బుధవారం మధ్యాహ్నం ఒఫీలియా కారు లిఫ్టు మీదుంది. ఒఫీలియా ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి సేవ చేసే మనిషి. చర్చి బయట ఆపిన కారు కింది నుంచి ఎవడో కన్వర్టర్‌ని, పొగలోని విషాన్ని విరిచే ఆ డబ్బాని, రంపంతో కోసుకుపోయాడు. కొత్తది బిగించి శుక్రవారం పొగ పరీక్షలో నెగ్గకపోతే కారు కాగితాలు రావు, ఆవిడ పనిలోకి వెళ్లడానికి ఉండదు.

రొహేలియో అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. డబ్బా చేతిలోకి తీసుకోగానే యులాలియాకి అనుమానం వచ్చింది. ఉండాల్సిన బరువులో సగం కూడా లేదు. టార్చి వేసి లోపలికి చూసింది. తేనెపట్టులా చిన్న చిన్న గదులుండాల్సిన చోట ఓ పలచటి రేకు చుట్ట ఉంది. పైన ప్రభుత్వ అనుమతి నంబరు మాత్రం నిజమైనదానిలాగే ఉంది.

"ఇది నకిలీది."

"మెల్లగా మాట్లాడవే! అసలుది రావాలంటే సోమవారం దాకా ఆగాలి. ఆవిడేమో తొందరపడుతోంది. బిగించెయ్."

"పరీక్షలో పోతుంది. పోయిన నెల ఇలాంటిదాని గురించేగా తనిఖీవాళ్లు వచ్చి నిన్ను నిలదీశారు?"

"అందుకేగా చెప్తున్నా." అతను వారంటీ కాగితం బల్ల మీద పరిచాడు. అడుగున 'బిగించినవారు' అన్నచోట వేలు పెట్టి, ఆమెకు పెన్ను అందించాడు. "ఈసారి నువ్వే పెట్టు లాలీ. పని నీదేగా. ఇన్నేళ్లూ నీకు పేరు రానివ్వలేదని నాకు మాత్రం బాధుండదా?"

ఒక్క క్షణం ఆమె గుండె పొంగింది. అలా పొంగినందుకే తన మీద తనకు అసహ్యమేసింది. ఈ గొంతు ఇంత మెత్తగా ఇంతకుముందు ఎప్పుడు విన్నది? అత్తగారికి కాళ్లు పడిపోయినప్పుడు, "నీకంటే బాగా మా అమ్మనెవరు చూస్తారు?" అన్నప్పుడు. ఏదైనా మోయాల్సి వచ్చినప్పుడే ఇతనికి ఆమె గుర్తొస్తుంది. పదహారేళ్ల మంచి అతుకులకి అతని పేరు, ఈ ఒక్క మోసానికి ఆమె పేరు. రేపు తనిఖీవాళ్లు వస్తే "మా ఆవిడ చేసింది, నాకేం తెలుసు" అంటాడు. ఆ మాట అప్పుడే చెవిలో పడ్డట్టయింది.

"పెట్టు, ఆవిడ చూస్తోంది" అన్నాడు పళ్ల బిగువున.

యులాలియా తొడుగులు తీసి పక్కన పెట్టింది. బల్ల మీద వంగి తొందరపడకుండా రాసింది. రాసి, ఆ కాగితం అతనికివ్వకుండా బయట కుర్చీలో కూర్చున్న ఒఫీలియా దగ్గరికి నడిచింది. "ఒఫీలియా గారూ, సోమవారం దాకా ఆగాలండీ. అసలుది తెప్పించి నేనే బిగిస్తాను. అప్పటిదాకా నా బండి తీసుకెళ్లండి" అని తాళాలు ఆవిడ చేతిలో పెట్టింది. ఒఫీలియా అయోమయంగా కాగితం అందుకుని, కళ్లజోడు సర్దుకుని పైకే చదివింది. "వచ్చిన డబ్బా నకిలీది. బిగించలేదు. యులాలియా బర్రగాన్."

రొహేలియో కుంటుకుంటూ వచ్చాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏం రాశావే అందులో?"

"నువ్వు పెట్టమన్నదే. నా పేరు."