మరిపెడ పేజీ

ఒక్క లైను. మా చర్చి పాటల పండుగకు ఏ ఊరి నుంచి ఎంతమంది వస్తున్నారో తేల్చడానికి నేను రాసింది ఒకే ఒక్క లైను కోడ్. ఎవరి పేరు వాళ్లు ఫోన్లో నమోదు చేసుకుంటే చాలు. మన కోడ్‌కూ డేటాబేస్‌కూ మధ్య దుబాసీలాంటి ఓఆర్‌ఎంను అడగడమే ఆలస్యం, అందులోని పేర్లను ఊరువారీగా విడదీసి లెక్కపెట్టి ఇస్తుంది. ఇదే లెక్కను మా నాన్న దావీదు ఇరవై ఏళ్లుగా నోట్‌బుక్కులో రాస్తూ వచ్చాడు. "ఇగ దాన్ని అటక మీద పెట్టు బాపూ," అన్నాను. నాకు కాస్త పొగరు, ఒప్పుకుంటాను.

శనివారం పొద్దున ఆ జాబితా ప్రింటు తీసి బస్సు డ్రైవర్ ఉప్పలయ్య మామ చేతిలో పెట్టాను. మర్నాడు జాబితాలో ఉన్న ఊళ్లలోనే బస్సు ఆగుతుంది. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరిపెడ ఏది బిడ్డా?"

"ఆడికెల్లి ఒక్కళ్లు గూడ పేరియ్యలే మామా."

"సమ్మమ్మకు ఫోనే లేదాయె. ఆమె గుంపంత నెల సంది పాట నేర్చుకుంటాండ్రు. రేపు రోడ్డు మీద నిలబడ్తరు. నేను ఆపకుండ పోవాల్నా?"

ముందు నాకు కోపమే వచ్చింది. పేరివ్వకపోతే నా తప్పా? ఆ విసురులోనే నాన్న నోట్‌బుక్కు తెరిచాను. నేను వద్దన్నా ఈ ఏడాదీ రాసి పెట్టుకున్నాడు! పేజీకో ఊరి పేరు. ముందు ఊళ్లన్నీ రాసుకుని, ఆ తర్వాతే మనుషుల పేర్లు ఎక్కిస్తాడు. మరిపెడ పేజీ ఖాళీగా ఉంది, కానీ పేజీ ఉంది. నా లైను పాడేవాళ్ల పట్టికతో మొదలవుతుంది. ఒక్క పేరూ రాని ఊరు దాని కంటికి ఊరే కాదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

లైను తిరగరాశాను. ఈసారి ఊళ్ల పట్టికతో మొదలుపెట్టి, ఒక్కో ఊరికి పాడేవాళ్లెందరో లెక్కపెట్టమన్నాను. వర్ధన్నపేట, పద్నాలుగు. మరిపెడ, సున్నా.

"సున్న వచ్చింది బాపూ!" ఎగిరి గంతేశాను.

"సున్నకు గింత సంబురమా!" అని నాన్న పకపకా నవ్వాడు. ఉప్పలయ్య మామ కొత్త కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం బస్సులోంచి ముందుగా సమ్మమ్మ దిగింది. ఆమె వెనక పదకొండు మంది ఆడవాళ్లు, దారంతా పాడి అప్పటికే గొంతులు బొంగురు చేసుకుని దిగారు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అక్కడే మెట్ల మీద కూర్చుని పన్నెండు పేర్లూ ఎక్కించి లైను మళ్లీ నడిపాను. మరిపెడ, పన్నెండు.

గర్వంగా తల తిప్పితే, పక్కనే నాన్న మరిపెడ పేజీ తెరిచి, పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"జర నిమ్మలంగ చదువు రూతూ. నేను గూడ రాసుకోవాలె."

ఒక్కో పేరూ నిమ్మళంగా చదివాను.