పొడి తువ్వాలు

మామయ్య చేపను పట్టుకునే తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అప్పుడే స్నానం చేయించిన పసిబిడ్డను ఎత్తుకున్నట్టు, ఉతికి మడతపెట్టిన తువ్వాలులో చుట్టి, ఒళ్ళంతా మెల్లగా ఒత్తి, దాని మొహం తనవైపు తిప్పుకుని రెండు ముక్కలు మాట్లాడి, అప్పుడు గానీ నీళ్ళలోకి వదలడు. నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషికి గుడ్డ పట్టుకోవడం ఒకరు నేర్పాలా? చెరువు కాపలా చూసే మేనకోడలు మాత్రం ఆ తువ్వాలు కనబడితే చాలు, మొహం పక్కకు తిప్పుకునేది.

ఆ చెరువులో చేపను పట్టవచ్చు గానీ ఇంటికి తీసుకుపోకూడదు, పట్టినచోటే వదిలేయాలి. గేటు తియ్యడం, సభ్యుల కార్డులు చూడడం, వలలు కడిగి ఆరేయడం ఆమె ఉద్యోగం. అది ఇప్పించిందీ మామయ్యే. నాలుగేళ్ళ కిందట గుండె ఆపరేషనై, చావు గుమ్మందాకా వెళ్ళొచ్చాక ఆయన చేప తినడం మానేశాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినవాణ్ణి, ఇంకో ప్రాణం తీస్తానా అని కనబడిన వాళ్ళందరికీ చెప్పేవాడు. పట్టే సరదా మాత్రం చావలేదు. ఇంకేముంది, ఈ చెరువును పట్టుకుని వేలాడాడు. సాయంత్రం ఇంటికెళ్ళి ఎన్నిటిని వదిలాడో అత్తయ్యకు చెప్పుకుని గానీ అన్నం ముట్టడట.

కిందటి వేసవిలో చేపల డాక్టరొకాయన వచ్చి, గాలికి అవతలి గట్టుకు కొట్టుకొచ్చిన చచ్చిన చేపలను తిరగేసి చూశాడు. పక్కలమీద దూది అంటించినట్టు తెల్లటి బూజు. ఒంటిమీది జిగురే చేపకు రక్ష అని, పొడి గుడ్డతో తుడిస్తే అది ఊడిపోతుందని చెప్పాడు. పైగా వేడెక్కిన నీళ్ళలో పెనుగులాడి అలిసినదాన్ని గాలిలో అట్టే ఉంచితే, కళ్ళముందు చక్కగా ఈదుకుంటూ పోయినా రెండు రోజుల్లో చస్తుందట. పొడి గుడ్డ వాడేది ఎవరని అడిగితే ఆమె తెలియదంది. ఆ మర్నాటి నుంచి గేటు తీయకముందే బకెట్ పట్టుకుని అవతలి గట్టుకు వెళ్ళేది. కొట్టుకొచ్చినవాటిని ఏరి, పంపు గది వెనక పూడ్చిపెట్టేది.

చెప్పేయొచ్చుగా అంటారు. చెప్పడం మీకూ నాకూ తేలికే. ఒక్క ప్రాణమూ తీయలేదన్న తృప్తితో బతుకుతున్న మనిషికి ఆ మాట ఏ నోటితో చెబుతుంది? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపేసింది పిచ్చిది.

మళ్ళీ ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం మామయ్య గాలానికి పెద్ద చేప పడింది. పావుగంట పోరాడి ఒడ్డు దగ్గరికి లాగేసరికి దాని పని అయిపోయింది, తోక కూడా ఆడించడం లేదు. ఫోటో తియ్యమని మేనకోడల్ని పిలిచి, ఆయన భుజంమీది తువ్వాలు దులిపాడు. ఆమె చెప్పులతోనే నీళ్ళలోకి దిగి ఆయన మణికట్టు పట్టుకుంది.

"తువ్వాలు వద్దు మామయ్యా. దానివల్లే చచ్చిపోతున్నాయి."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. చేతులు తడుపుకోమంది. చేపను పైకెత్తొద్దని, నీళ్ళలోనే వీపు పైకుండేలా, పొట్టకింద చెయ్యి ఆన్చి పట్టుకోమంది. ముందుకూ వెనక్కూ ఊపబోతే వద్దంది. ఇద్దరూ మోకాలిలోతు నీళ్ళలో వంగి అలాగే ఉండిపోయారు. ఆయన నడుము పట్టేసినా కదల్లేదు. డాక్టరు చెప్పిందంతా ఆమె ఆ కాసేపట్లోనే చెప్పేసింది. చివరికి చేప మొప్పలు నిదానంగా ఆడాయి, తోక బిగిసింది, తనంతట తనే ఆయన చేతుల్లోంచి తప్పుకుని లోతుకు పోయింది.

ఆయన మెట్టుమీద కూలబడ్డాడు.

"వారానికి ఎన్ని?"

రెండని చెబుదామనుకుంది. నోరు రాలేదు.

"నాలుగైదు."

 ఆయన చెయ్యి గుండెమీదికి వెళ్తుందేమోనని ఆమె బిక్కచచ్చి చూస్తోంది. తిడితే బాగుండుననిపించింది.

"రోజూ నువ్వే ఎత్తావా?"

"ఊఁ."

"ఏడాదంతా ఒక్కదానివేనా తల్లీ?"

ఆ మాటతో ఆమెకు ఏడుపు ఆగలేదు. ఏడాదిగా దాచుకున్నదంతా ఏడ్చేసింది. రేపు తనూ వస్తానన్నాడు, అంతే.

మర్నాడు గేటు తీయకముందే వచ్చి నిలబడ్డాడు, చేతిలో గాలం లేదు. అవతలి గట్టున రెండు చేపలు తేలుతున్నాయి. ఆమె బకెట్ కింద పెట్టింది. ఆయన వంగి, రెండు చేతులూ నీళ్ళలో ముంచి బాగా తడుపుకుని, అప్పుడు మొదటిదాన్ని ఎత్తాడు. చచ్చినదానికి తడి చేతులెందుకని ఆమె అనలేదు.